ఎవరి తాలూకు?

పరిచయాలు పెంచుకోమని అందరూ చెబుతారు. ఫోన్లో పేర్లు పెరుగుతూనే ఉంటాయి. మన మాట మీద ఒక బస్తా సరుకు అప్పుగా వదిలేవాళ్లు వాటిలో ఎందరు? గుంటూరు అంచున, నల్లపాడు చుట్టుపక్కల మిరపకాయ చేతులు మారే తీరులో దీనికి జవాబు వెతికిన కథనం.

2020 జులై, కరోనా రోజులు. నల్లపాడులాగే గుంటూరు అంచున ఉన్న రెడ్డిపాలెం స్టేషన్ నుంచి ఎండుమిర్చి నింపిన పార్సిల్ రైలొకటి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు కదిలింది. పదహారు పెట్టెలు, దాదాపు 384 టన్నుల కాయ. ప్రత్యేక పార్సిల్ రైలు దేశం ఎల్లలు దాటి వెళ్లడం అదే తొలిసారి. అంతకుముందు లారీల మీద పోయే సరుకు లాక్‌డౌన్‌తో చిక్కుబడింది. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలు పడే రవాణా ఖర్చు రైల్లో 4,608కి దిగింది.

పత్రికలు రైలు గురించి రాశాయి. నా ధ్యాసంతా దాని వెనకున్న చిన్న లెక్క మీద. మామూలు గూడ్సు రైలు కావాలంటే విడతకు కనీసం 1,500 టన్నులు పోగేయాలి. చిన్న వ్యాపారులకు అది కుదిరే పని కాదు. రైల్వే గుంటూరు డివిజన్ అధికారులు వ్యాపారులతో, రైతులతో మాట్లాడి, 500 టన్నుల లోపు సరుకుతో నడిచే పార్సిల్ రైలు కుదిర్చారు. అదైనా ఒక్కరి సరుకుతో నింపడం కష్టమే. పొద్దున యార్డులో ఒకే లాటు మీద పోటీపడ్డవాళ్లు ఒకే రైలుకు తమ మిర్చి బస్తాలు ఎక్కించాలి. ఎవరి వాటా ఎంత, ముందు డబ్బెవరు కట్టాలి, సరిహద్దు అవతల సరుకెవరు విడిపించుకోవాలి అన్నవన్నీ కాగితాల మీద తేల్చుకుంటూ కూర్చుంటే కాయ రంగు మారిపోతుంది. ముందునుంచీ ఒకరి గుట్టు ఒకరికి తెలిసినవాళ్ల మధ్యే ఇలాంటివి నాలుగు ఫోన్లతో అయిపోతాయి.

ఉద్యోగ సలహాల పుస్తకాలు ‘ప్రొఫెషనల్ నెట్‌వర్క్’ అని పేరుపెట్టి, ఓ అధ్యాయం రాసి, చివర ‘చిరునవ్వుతో కరచాలనం చేయండి’ అని ముగించేది దీని గురించే. నల్లపాడు వైపు మనుషులు ఆ పుస్తకాలు చదివి ఉండరు. అవసరం పడలేదు.

కొట్టు

నల్లపాడు పేరు రైలు ప్రయాణికులకు బాగా తెలుసు. గుంటూరు నుంచి వచ్చే పట్టాలు ఇక్కడే రెండుగా చీలి, ఒకటి నరసరావుపేట, మార్కాపురం మీదుగా గుంతకల్లు వైపు, రెండోది సత్తెనపల్లి, నడికుడి మీదుగా పగిడిపల్లి వైపు పోతాయి. 2012లో ఈ ఊరు గుంటూరు నగరపాలక సంస్థలో కలిసింది. ఎం.బి.టి.ఎస్. ప్రభుత్వ పాలిటెక్నిక్ ఇక్కడే. గుంటూరు చుట్టూ వందకు పైగా ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో కొన్ని ఈ పక్కనే. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరున్న గుంటూరు యార్డు కూడా ఎంతో దూరం కాదు.

సీజన్ సంక్రాంతి దాటాక ఊపందుకుని ఎండలు ముదిరేదాకా నడుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజుకు లక్ష టిక్కీలు దిగడం ఇక్కడ మామూలు వార్త. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోలకు అటూ ఇటూ. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, కర్నూలు నుంచి రాత్రంతా లారీలు, ట్రాక్టర్లు, బొలెరోలు వస్తూనే ఉంటాయి. తెల్లారేసరికి కొట్ల ముందు టిక్కీలు వరసలు తీరతాయి. కొనుగోలుదారుల మనుషులు బస్తా నోరు విప్పి గుప్పెడు కాయ తీస్తారు. రంగు చూస్తారు, తొడిమ దగ్గర విరుస్తారు, అరచేతిలో నలిపి నిమ్ము ఎంతుందో పోల్చుకుంటారు, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసిందో లెక్కేస్తారు. తేజా, 334, బాడిగ, నంబర్ ఐదు రకాల్లో దేని ధర దానిదే. ఒకే రకంలో కూడా డీలక్స్‌కూ మీడియంకూ మధ్య క్వింటాలుకు వేల తేడా.

రైతు కాయ నేరుగా కొనేవాడి చేతికి పోదు. మధ్యలో కమీషన్ వ్యాపారి ఉంటాడు. రైతుల నోట ఆయన ‘కొట్టు’. ‘మీరే కొట్టుకి వేస్తారు బాబాయ్?’ అని అడిగితే చాలా ఊళ్లలో తండ్రి చెప్పిన పేరే కొడుకూ చెబుతాడు.

ఈ కమీషన్ వ్యాపారి అసలు ఆస్తి కొట్టు గోడలూ కాదు, బీరువాలో డబ్బూ కాదు. రెండు వైపులా ఆయనకు తెలిసిన మనుషులు. ఒకవైపు రైతులు: ఎవరి చేలో కాయ ఏటా ఎర్రగా దిగుతుంది, ఎవరు బస్తా మీద నాణ్యమైన కాయ పేర్చి అడుగున తాలు నింపుతారు, ఎవరు తూకం కోసం నీళ్లు చల్లుకొస్తారు. ఇంకోవైపు కొనేవాళ్లు: ఎవరు చెప్పిన రోజుకు డబ్బు పంపుతారు, ఎవరు ‘రేపు’ అంటే వారమని అర్థం, ఎవరికి చైనా నుంచి, బంగ్లాదేశ్ నుంచి, శ్రీలంక నుంచి రావాల్సింది ఆగిపోయింది. సరుకు లారీ ఎక్కిన రోజే అంతా నగదు కాదు. కొనేవాడు నాలుగు రోజులో నాలుగు వారాలో తీసుకుంటాడు. ఆ సందులో రైతుకు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఇచ్చి డబ్బు సర్దేది కొట్టే. కొన్నవాడు ఐపీ పెట్టాడంటే, అంటే దివాలా తీశానని కోర్టుకెక్కాడంటే, మునిగేది కూడా కొట్టే. గుంటూరులో ‘ఐపీ’ అన్న రెండక్షరాలు బడిపిల్లలకు కూడా విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే ఇక్కడ కొత్త మొహం కనిపిస్తే మొదటి ప్రశ్న ‘ఎవరి తాలూకండీ?’ అనే. ఊరి గురించో ఇంటిపేరు గురించో అనుకుంటాడు కొత్తవాడు. అడిగేవాడికి కావాల్సింది వేరు. నిన్ను ఇక్కడికి తెచ్చిందెవరు? నువ్వు ఎగ్గొడితే నేను ఎవరి గుమ్మం ముందుకెళ్లి అడగాలి? తమిళనాడు నుంచో మహారాష్ట్ర నుంచో వచ్చిన కొత్త వ్యాపారి ముప్పై ఏళ్ల అనుభవం చెప్పినా పెద్దగా పట్టించుకోరు. పాత బ్రోకరు ఒకాయన వెంట వచ్చి, ‘మనోడే, నేను చూసుకుంటా’ అంటే లాటు విప్పుతారు. ఆ రెండు మాటలన్న మనిషి తన పేరును తాకట్టు పెట్టినట్టు లెక్క. కొత్తవాడు మాట తప్పితే రేపటినుంచి ఆయన తెచ్చిన ఇంకో నలుగురికీ సరుకు పుట్టదు.

పరిచయం చేసినవాడికి పోయేదేమైనా ఉంటేనే ఆ పరిచయానికి బరువు. లింక్డిన్‌లో బొత్తాం నొక్కి కలుపుకున్న వెయ్యి మంది అవసరానికి పలకకపోవడానికి కారణం కూడా ఇంతే. ఆ నొక్కుడులో ఎవరికీ పైసా పోలేదు.

ధర తెలిస్తే సరిపోతుందా?

ఇప్పుడు యార్డులో పదకొండు దాటేసరికి ధరలు ఊళ్లకు చేరిపోతాయి. ఒకప్పుడు మర్నాటి పత్రికో, ఆకాశవాణి బజారు ధరలో దిక్కు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో గొంతు వినిపిస్తుంది: తేజా బెస్టు ఇంత, ఏసీ సరుకు ఇంత, తాలు ఇంత. ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయ. 2016 ఏప్రిల్ 14న కేంద్రం మొదలుపెట్టిన ఈ-నామ్‌లో గుంటూరు కూడా చేరింది. కొనేవాళ్లు ధరను ఆన్‌లైన్లోనే నమోదు చేయాలి.

ఫోన్ వచ్చింది కాబట్టి దళారి పట్టు సడలిందని రాసేయడం తేలిక. రెండు పరిశోధనలు పక్కపక్కన పెట్టి చూస్తే అంత తేలిక కాదని తెలుస్తుంది. మొదటిది ఉత్తర కేరళ సముద్ర తీరంలో జరిగింది. 1997 నుంచి 2001 మధ్య అక్కడికి సెల్‌ఫోన్లు వచ్చాయి. అంతకుముందు పడవ తన ఊరి రేవుకే వచ్చేది. అక్కడ కొనేవాళ్లు లేకపోతే చేపలు పారబోయాల్సిందే, అలా 5 నుంచి 8 శాతం పోయేది. ఫోన్లొచ్చాక జాలర్లు సముద్రం మీదే నాలుగు రేవుల ధరలు కనుక్కుని అటు పడవ తిప్పారు. వృథా దాదాపు మాయమైంది. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, తినేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త 2007లో ప్రచురించిన ఈ లెక్కలు ప్రపంచమంతా పేరుపొందాయి.

రెండోదానికి అంత పేరు రాలేదు. మహారాష్ట్రలో వంద గ్రామాల రైతులతో మార్సెల్ ఫాఫ్‌షాంప్, బార్ట్ మింటెన్ చేసిన అధ్యయనం అది. కొందరికి ఏడాదిపాటు ధరలూ వాతావరణమూ ఎస్సెమ్మెస్‌లో ఉచితంగా పంపారు. 2012లో ప్రచురించిన ఫలితం: రైతుకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

జాలరికి ఏ రేవుకైనా పడవ తిప్పే స్వేచ్ఛ ఉంది కాబట్టి ధర తెలియడం పనికొచ్చింది. మన మిర్చి రైతు తెలిసిన ధరతో ఏం చేయగలడు? జూన్‌లో విత్తనానికి, ఆగస్టులో మందుకట్టలకు, జనవరిలో కోతకూలికి కొట్టు దగ్గరే చేబదులు తెచ్చినవాడు మార్చిలో కాయ వేరే కొట్టుకు వేయలేడు. కౌలు రైతుకైతే ఇంకా ఇరుకు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల సాగు హక్కు కార్డు ఇవ్వమంది. భూమి యజమాని సంతకం చేస్తేనే ఆ కార్డు. సంతకం దొరకదు, కార్డు లేనివాడికి బ్యాంకు అప్పివ్వదు, మళ్లీ కొట్టే గతి. కొట్టు కూడా నెట్‌వర్కే. బయటికి దారిలేని నెట్‌వర్క్. పరిచయాల గొప్పతనం చెప్పే వ్యాసాల్లో ఈ ముక్క ఎక్కడా కనిపించదు.

ధర కుప్పకూలినప్పుడు అన్ని పరిచయాలూ ఒకే దిక్కుకు చూస్తాయి. 2017లో క్వింటాలు ఐదు వేలలోపుకు పడిపోయింది. 2023లో ఇరవై వేలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఇలాంటి ఊగిసలాటలో తెలిసిన కొట్టు చేయగలిగింది ఒకటే: ‘ఇప్పుడమ్మకు బాబాయ్, ఏసీలో పెట్టు’ అని చెప్పడం. ఆ సలహా ఒక్కోసారి నిలబెడుతుంది, ఒక్కోసారి స్టోరేజీ అద్దె కూడా మీద పడుతుంది.

ఫోన్ నిజంగా అక్కరకొచ్చిన సందర్భం 2021-22 సీజన్. పూతలో నల్లటి సన్నని పురుగు గుంపులుగా దిగింది. రైతులు నల్ల తామర అన్నారు, శాస్త్రజ్ఞులు థ్రిప్స్ పార్విస్పైనస్ అన్నారు. పూత రాలి, కాయ వంకర్లు పోయి, ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా చేలకు చేలు పోయాయి. అంతకుముందు తెలిసిన మందులు పనిచేయలేదు. అప్పుడు పూతల ఫొటోలు ఊరినుంచి ఊరికి పరుగెత్తాయి. గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల సలహాలూ, నీలి రంగు జిగురట్టలు కట్టమన్న సూచనలూ అదే దారిలో వెళ్లాయి. అదే దారిలో ఊరూ పేరూ లేని మందుల ప్రచారాలు కూడా వెళ్లాయి. గ్రూపులో వచ్చినదాన్నల్లా కొట్టిన రైతు నాలుగు రకాలకు డబ్బు తగలేశాడు. తనకు తెలిసిన ఒక్క వ్యవసాయాధికారికి ఫోన్ చేసి, ‘సార్, ఇది కొట్టమంటారా?’ అని అడిగి ఆగినవాడికి ఆ ఖర్చైనా మిగిలింది.

ముఠా మేస్త్రి ఫోను

ఈ మైదానంలో అందరికంటే పెద్ద నెట్‌వర్కర్ ఎవరంటే ఎగుమతిదారు పేరు చెబుతారు. నన్నడిగితే కూలీల ముఠా మేస్త్రి.

మిరపకోతలకు స్థానికంగా మనుషులు చాలరు. కర్నూలు జిల్లా పడమటి మండలాలు, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ల నుంచి ఏటా చలికాలంలో కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలకు వస్తాయి. అక్కడ వానాధారపు పంట ఎండిపోయాక బతుకు ఇక్కడ. వంటసామాను, పిల్లలు, ఒక్కోసారి కోళ్లు కూడా. ఆ వచ్చే దారిలో పిల్లల చదువు ఆగిపోవడం ఏటా చెప్పుకునే బాధే.

ఈ కదలిక అంతా మేస్త్రి ఫోను మీద నడుస్తుంది. ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలు ఎర్రబడ్డాయి, మొదటి కోత ఎప్పుడు, రెండో కోతకు ఎంతమంది కావాలి, ఏ రైతు కూలి ఆపుతాడు, ఎవరి చేలో తాగడానికి నీళ్లున్నాయి, పడుకోడానికి షెడ్డుందా. అటు ఊళ్లో ఎవరింట్లో బాలింత ఉంది, ఎవరు పోయినేడు అడ్వాన్సు తీసుకుని రాలేదు. ఇదంతా ఏ కాగితం మీదా ఉండదు. రైతు అడ్వాన్సు ఇచ్చేది మేస్త్రికి, కూలి అడిగేది మేస్త్రిని. రెండు వైపులా పూచీ ఆయనే. రైతు కూలి ఎగ్గొడితే మేస్త్రి తన ఊళ్లో తలెత్తుకోలేడు, కూలీలు మధ్యలో వెళ్లిపోతే మళ్లీ ఏడు ఇటు రాలేడు. మేస్త్రుల్లో దోచుకునేవాళ్లు లేరని కాదు. ఇద్దరికీ తెలియకుండా కూలిలో కోత పెట్టేవాళ్లున్నారు. అయినా ఈ పద్ధతి నిలబడుతోందంటే, ఇటు నలభై ఊళ్లూ అటు నలభై ఊళ్లూ కలిసే ముడి దగ్గర ఆయనొక్కడే నిలబడి ఉన్నాడు గనక. రెండు గుంపుల మధ్య వంతెనగా నిలిచినవాడికి దక్కే బలం గురించి సమాజశాస్త్రంలో పెద్ద పెద్ద గ్రంథాలున్నాయి. మేస్త్రికి ఆ గ్రంథాలతో పనిలేదు. రీచార్జి అయిపోకుండా చూసుకుంటే చాలు.

పాలిటెక్నిక్ గేటు బయట

ఇక చదువుకున్న పిల్లల సంగతి. డిప్లొమా ఫైనలియర్ కుర్రాడి ఫోన్లో లింక్డిన్ ఉంటుంది, పూర్వ విద్యార్థుల గ్రూపు ఉంటుంది, ఉద్యోగ ప్రకటనల టెలిగ్రామ్ ఛానళ్లు డజను ఉంటాయి. సీనియర్లకు పంపే సందేశం ఇలా ఉంటుంది: ‘సర్, ఐ యామ్ ఫ్రమ్ గుంటూరు, జాబ్ ఉంటే రిఫర్ చేయండి, రెజ్యూమ్ అటాచ్డ్.’ అదే ముక్క యాభై మందికి. జవాబు రాకపోతే సీనియర్లకు గర్వమని ఫిర్యాదు.

ఆ సీనియర్ వైపు నుంచి చూడండి. కంపెనీలో రిఫర్ చేయడమంటే ‘మనోడే, నేను చూసుకుంటా’ అని యార్డులో అనడమే. ముక్కూ మొహం తెలియని కుర్రాడికి తన పేరెందుకిస్తాడు? అదే కుర్రాడు, ‘మీరు పంపుల మెయింటెనెన్స్‌లో చేస్తున్నారని చూశాను సర్, మా ప్రాజెక్టులో సీల్ మాటిమాటికీ కారుతోంది, ఫొటో పెడుతున్నాను, ఎక్కడ తప్పు చేస్తున్నామో చెప్పగలరా?’ అని రాస్తే సంగతి వేరు. చాలామంది జవాబిస్తారు. తమ పని గురించి అడిగితే ఎవరికైనా ఇష్టమే. ఆ సలహాతో సీలు కారడం ఆగిందో లేదో పది రోజుల తరవాత మళ్లీ చెప్పేవాళ్లు మటుకు అరుదు. పరిచయం నిజంగా మొదలయ్యేది ఆ రెండో సందేశంతో.

దగ్గరివాళ్లను వదిలి ఎవరో దూరపు సీనియర్‌నెందుకు పట్టుకోవాలన్న అనుమానానికి 1973లోనే ఒక జవాబు దొరికింది. మార్క్ గ్రనవెటర్ అనే సమాజశాస్త్రజ్ఞుడు బోస్టన్ పక్కన న్యూటన్ పట్టణంలో కొత్తగా ఉద్యోగాలు మారినవాళ్లను అడిగాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికిన వారిలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో గాని కలవనివాళ్లు 27.8 శాతం. కారణం సులభం. మన పక్క గదిలో ఉండేవాడికి తెలిసిన కబురు మనకూ తెలిసిందే. దూరపువాడి దగ్గర కొత్త కబురుంటుంది.

ఈ మాట దాదాపు యాభై ఏళ్లు చలామణీ అయ్యింది. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన దాన్ని కొంత సవరించింది. లింక్డిన్‌లో రెండు కోట్ల మందికి ఐదేళ్లపాటు పరిచయాల సూచనలు రకరకాలుగా మార్చి చూపించి, ఎవరికి ఉద్యోగాలు వచ్చాయో లెక్కగట్టారు. ఎక్కువ ఉపయోగపడింది మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ముక్కూ మొహం తెలియనివాళ్లూ కాదు, కొద్దిమంది ఉమ్మడి మిత్రులున్న మధ్యరకం పరిచయాలు. ఇంకో సంగతి మనకు ముఖ్యం. కంప్యూటర్ల మీద ఎక్కువగా నడిచే రంగాల్లో దూరపు పరిచయాలు పనిచేశాయి. అంతగా డిజిటల్ కాని రంగాల్లో దగ్గరి పరిచయాలే ఉద్యోగం తెచ్చాయి.

నల్లపాడు కుర్రాడికి దీని అర్థం ఏమిటి? హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కావాలంటే ఆన్‌లైన్‌లో దూరపు సీనియర్లను వెతుక్కోవడం సరైన దారే. కానీ తన కాలేజీ చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. వాటికి మెకానిక్కులు కావాలి, కరెంటు పని తెలిసినవాళ్లు కావాలి. ఆ ఖాళీలు చాలావరకు ఏ వెబ్‌సైట్‌లోనూ కనబడవు. ఒక ఆపరేటర్ మానేస్తుంటే ఇంకో స్టోరేజీ ఆపరేటర్‌ను ‘ఎవరైనా కుర్రాడున్నాడా?’ అని అడుగుతారు, అంతే. సెలవుల్లో నెలరోజులు అక్కడ చేతికి గ్రీజు అంటించుకున్నవాడి పేరు ఆ ప్రశ్నకు జవాబుగా వస్తుంది. పల్నాడు జిల్లా యడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కులో ప్రాసెసింగ్ యూనిట్లున్నాయి. కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ ఒకచోట కూర్చోబెట్టే సమావేశాలు స్పైసెస్ బోర్డు జరుపుతుంటుంది. ఇలాంటి చోట్లకు పిల్లలు వెళితే బ్యాగులో రెజ్యూమ్ కట్ట ఉంటుంది. యార్డుకు మచ్చు లేకుండా ఎవరూ పోరు. కుర్రాడి మచ్చు ఏమిటి? తను తిప్పి చూపించిన మోటారు వీడియో, గీసిన డ్రాయింగు, రిపేరు చేసిన యంత్రం. రెజ్యూమ్ కాగితం మచ్చు కాదు, బస్తా మీద అతికించిన చీటీ.

జింకానా లెక్క

పాత చదువుల పరిచయాలు ఎంత దూరం పోతాయో గుంటూరుకు కళ్ల ముందే ఉంది. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాల నుంచి వందలమంది డాక్టర్లు అమెరికా వెళ్లారు. అక్కడ వాళ్ల పూర్వ విద్యార్థుల సంఘం పేరు ఇక్కడివాళ్ల నోట ‘జింకానా’. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రిలోని పొదిల ప్రసాద్ బ్లాకు ఒకనాటి విద్యార్థి చలవ. 2022లో డాలస్‌లో జరిగిన జింకానా సమావేశంలో డాక్టర్ గవిని ఉమాదేవి తన ఆస్తి, దాదాపు 20 కోట్ల రూపాయలు, ఇదే ఆస్పత్రిలో తల్లీబిడ్డల విభాగం కోసం ఇస్తున్నట్టు ప్రకటించారు. చనిపోయిన భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు పేరు ఆ భవనానికి పెట్టాలని నిర్ణయించారు.

దాతృత్వం గొప్పదే, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. నేను గమనించింది ఆ ప్రకటన జరిగిన చోటు. ఎక్కడో బ్యాంకులో, లాయరు ఆఫీసులో చెక్కు రాసి పంపవచ్చు. పాత సహాధ్యాయులు ఎదురుగా ఉన్న సభలో నిలబడి చెప్పారు. ఏడాదికోసారి మనుషులు కలిసి భోంచేయడం, ‘ఏరా, బట్టతలొచ్చిందే’ అని ఒకరినొకరు ఆటపట్టించుకోవడం పనికిమాలిన కాలక్షేపంలా కనిపిస్తుంది. గుంటూరు ఆస్పత్రి లాంటి చోట్లకు డబ్బు చేరే దారి ఆ కాలక్షేపంలోంచే పడింది.

గేటు దాటలేనివాళ్లు

ఇంతసేపూ పరిచయాల మేలు చెప్పాను. మన దగ్గర పరిచయమంటే సగం కులం. దాన్ని దాచి నెట్‌వర్క్ గురించి రాస్తే అది కాకమ్మ కథ. ‘ఎవరి తాలూకు?’ అన్న ప్రశ్న వెనక పూచీ గురించిన ఆరా ఎంతుందో, ‘మనవాడేనా?’ అన్న ఆరా కూడా అంతే ఉంది. హాస్టళ్లు, సత్రాలు, కల్యాణ మండపాలు, అమెరికాలో తెలుగు సంఘాలు సైతం ఈ గీతల మీదే కట్టుకున్నాం. ఆ గీత లోపల పుట్టినవాడికి మొదటి పూచీ పుట్టుకతోనే దొరుకుతుంది. బయట పుట్టినవాడు పదేళ్లు పనిచేసి సంపాదించుకోవాలి. ఇది అన్యాయమని తెలిసినవాళ్లు కూడా తమ వంతు వచ్చేసరికి తెలిసినవాడి కొడుకునే పెట్టుకుంటారు.

ఆడవాళ్ల సంగతి ఇంకా చోద్యం. కోల్డ్ స్టోరేజీల ముందు, గోడౌన్లలో రోజంతా కూర్చుని తొడిమలు తీసే ఆడకూలీల చేతుల్లోంచి పోయినంత కాయ ఏ ఎగుమతిదారు చేతిలోంచీ పోదు. తాలు ఏదో, రంగు పట్టిన కాయ ఏదో కళ్లు మూసుకుని చెప్పగలరు. అంత తెలిసినవాళ్లు ధర కట్టే చోట కనబడరు. కమీషన్ లైసెన్సు ఇంట్లో ఆడవాళ్ల పేరు మీద ఉన్నా కొట్టులో కూర్చునేది మగవాళ్లే. డ్వాక్రా సంఘాల ద్వారా అప్పు దొరికింది, పొదుపు అలవాటైంది. కొనేవాళ్ల ఫోన్ నంబర్లు మాత్రం దొరకలేదు. కారం పట్టి ప్యాకెట్లు కట్టే మహిళా సంఘాలకు సరుకు చేయడం రాక కాదు, నెలకు రెండు క్వింటాళ్లు ఆపకుండా తీసుకునే హోటలూ కిరాణా కొట్టూ తెలియక అవి ఆగిపోతున్నాయి. ప్రభుత్వ శిక్షణలన్నీ కారం పట్టడం నేర్పేవే. హోటల్ యజమానితో కూర్చోబెట్టేవి ఎన్ని?

2020లో కేంద్రం ప్రకటించిన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం ఈ ముడులు కొన్ని విప్పుతుందని ఆశ. సంఘం పెట్టి, బోర్డు కట్టి, సీఈవోను పెట్టుకోవడం వరకు డబ్బు చేస్తుంది. తరవాత సంఘం తరఫున కొనుగోలుదారు దగ్గరికి వెళ్లి కూర్చోగల మనిషి కావాలి. మొదటి లాటులో తాలు కలిస్తే సర్దిచెప్పి, నష్టం భరించి, రెండో లాటు సరిచేసి పంపే మనిషి. ఒక్క సీజన్లో తయారయ్యే మనిషి కాదు అది.

మే నెలలో ఎండల సెలవులకు యార్డు కొన్ని వారాలు మూతపడుతుంది. హమాలీలు ఊళ్లకు పోతారు, కొట్లలో ఫ్యాన్లు ఆగుతాయి. కమీషన్ వ్యాపారులు మాత్రం ఖాళీగా కూర్చోరు. అది పెళ్లిళ్ల కాలం. రైతు ఇంట్లో పెళ్లికి కొట్టు ఆయన కారు దిగి, అరగంట కూర్చుని, కట్నం చదివించి, భోంచేసి వెళతాడు. ఆ వెళ్లే ముందు వరండాలో పక్క ఊరి రైతు ఒకాయన్ని పెళ్లికొడుకు మేనమామ తీసుకొచ్చి పరిచయం చేస్తాడు. ఈ ఏడు ఆరెకరాలు తేజా వేస్తాడట, మంచోడు, నాకు తెలిసినవాడే అంటాడు. నంబర్లు మార్చుకుంటారు. వచ్చే జనవరిలో ఆ ఆరెకరాల కాయ ఏ కొట్టు ముందు దిగాలో అక్కడే తేలిపోతుంది.